తట్టు వ్యాధి, ఎ విటమిను, గ్రామ పంచాయతీ

బిడ్డకు తట్టు పోసినదను మాట వినని గ్రామము తెలుగునాట లేదు. మొదట జ్వరము తగులును, ముక్కు కారును, దగ్గు వచ్చును, కన్నులు ఎఱ్ఱబడి నీరు కారును. మూడు నాలుగు దినములకు చెవుల వెనుకను, ముఖము మీదను, పిదప ఒడలినిండను ఎఱ్ఱని దద్దురు తేలును. దీనినే వైద్యులు మీజిల్స్ అందురు. అమ్మవారు పోసినదని తలచి గుమ్మమునకు వేపమండ కట్టుట, పథ్యము పేరిట బిడ్డకు ఆహారమును తగ్గించుట, వైద్యునకు చూపకుండుట వెనుకటి కాలమున చాల చోట్ల ఆచారముగ నుండెను. కొన్ని యిండ్లలో నేటికిని ఉన్నది.

తట్టు పోసిన బిడ్డలలో ఎక్కువమంది వారము పది దినములలో కోలుకొందురు. కాని కొందఱికి ఊపిరితిత్తుల వాపు వచ్చును; కొందఱికి విరేచనములు పట్టుకొనును. వీనివలన మరణించువారు కలరు. ప్రాణముతో బయటపడియు కన్నులు పోగొట్టుకొనువారు కలరు. ఒకే యీడు పిల్లలలో ఒకడు లేచి ఆడుకొనుటకును, మఱియొకడు మంచము పట్టుటకును గల కారణములలో ఒకటి వారి శరీరములోని ఎ విటమిను నిలువ. ఇది తల్లిదండ్రులకు కనబడునది కాదు. కాని గ్రామములో పనిచేయు పంచాయతీ దీనిని సరిదిద్ద గలదు. అందుచేత ఈ విషయమును పంచాయతీ సభ్యుల యెదుట వివరముగ ఉంచుచున్నాము.

శరీరమునకు కావలి

మనము తిను అన్నము, పప్పు, నూనె శరీరమునకు బలమిచ్చును. వీనితోపాటు అతి స్వల్ప పరిమాణములో కావలసిన కొన్ని పదార్థములు కలవు. వీనినే విటమినులు అందుము. ఇవి లేనిచో ఎంత తిన్నను శరీర యంత్రము సరిగా నడువదు. వీనిలో ఎ విటమిను ఉనికిని 1913లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కంటిచూపునకు ఇది అవసరమని చాలమందికి తెలియును. వ్యాధులనుండి రక్షణకు కూడ ఇది అంతే అవసరమను సంగతి తెలిసినవారు తక్కువ.

ఊరికి పొలిమేర యున్నట్లు శరీరమునకు కూడ పొలిమేర కలదు. బయట చర్మము, లోపల ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, ప్రేగులు, కన్నులు మొదలగు వానిని కప్పియుండు పలుచని తడిపొర. ఈ పొర తడిగా, నునుపుగా, చెక్కు చెదరక ఉన్నంతకాలము సూక్ష్మజీవులు లోనికి చొచ్చుట కష్టము. ఎ విటమిను తక్కువైనపుడు ఈ పొర ఎండి గరుకుబారును. ఎండిన చెఱువుకట్ట నెఱ్ఱెలు వాసినట్లు దానిలో సందులేర్పడును. ఇంతేకాక, సూక్ష్మజీవులతో పోరాడు తెల్ల రక్తకణములు సక్రమముగ పెరిగి తమ స్థానములకు చేరుటకును ఈ విటమిను తోడ్పడును. కావున దీని లోపమున కట్టయు బలహీనపడును, కావలివారును తగ్గుదురు.

తట్టుతో చేటు రెండింతలు

తట్టును కలిగించునది ఒక వైరస్. అది గాలిలో వ్యాపించును. రోగి దగ్గినపుడు వెలువడిన వైరస్ ఆ గదిలో రెండు గంటల వరకు నిలిచియుండ గలదు. టీకా లేక, వెనుక తట్టు రాక యున్నవారు పదిమంది రోగికి దగ్గరగా మెలగినచో వారిలో తొమ్మండుగురికి అది అంటును. దద్దురు తేలుటకు నాలుగు దినములు ముందునుండి, తేలిన నాలుగు దినముల వరకు బిడ్డనుండి ఇతరులకు సోకును. తల్లి తట్టు అని గుర్తించునప్పటికే బడికి, అంగన్‌వాడీకి, బంధువుల యింటికి వ్యాధి చేరియుండుటకు కారణమిదియే.

ఈ వైరస్ శరీరముయొక్క లోపలి పొరలనే దెబ్బతీయును. జ్వరముచేతను, విరేచనములచేతను శరీరములోని ఎ విటమిను త్వరత్వరగ ఖర్చగును. అదే సమయమున బిడ్డ ఆహారము తీసికొనడు. పథ్యమని పెద్దలును పెట్టరు. కావున రాబడి నిలిచి ఖర్చు పెరిగిన కుటుంబము వలె, అంతకుముందే కొఱతగ నున్న బిడ్డ నిలువలు కొలది దినములలో అడుగంటును. అట్టి బిడ్డ కన్నులు ఎండి, నల్లగ్రుడ్డు మెత్తబడి, పుండుపడి, చూపు శాశ్వతముగ పోవచ్చును.

మఱియొక చేటు కూడ కలదు. ఇతర వ్యాధులను ఎదిరించుటకై శరీరము వెనుక సంపాదించుకొనిన జ్ఞాపకశక్తిని తట్టు వైరస్ చెఱిపివేయును. 2019లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, టీకా లేక తట్టు సోకిన బిడ్డలు తమ రక్షక పదార్థములలో నూటికి 11 నుండి 73 వంతుల వరకు పోగొట్టుకొనినట్లు తేలినది. తట్టు తగ్గిన పిదప నెలల తరబడి బిడ్డ మాటిమాటికి జబ్బుపడుట ఇందువలననే.

పరిశోధనలు చెప్పునది

ఎ విటమిను తట్టులో ఉపకరించునని తొలిసారి చూపినది 1932లో లండనులో ఎల్లిసన్ అను వైద్యుడు. ఆయన తట్టు సోకిన 300 మంది బిడ్డలకు ఎ విటమిను సమృద్ధిగ గల మందును ఇచ్చి, మఱి 300 మందికి ఇవ్వక పోల్చి చూచెను. మందు పొందినవారిలో 11 మంది, పొందనివారిలో 26 మంది మరణించిరి. కాని ఆ కాలమున ఈ సంగతి అంతగ ఎవరి దృష్టిని ఆకర్షింపలేదు. అర్ధశతాబ్దము గడచిన తరువాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున, తీవ్రమైన తట్టుతో ఆస్పత్రిలో చేరిన 189 మంది బిడ్డలపై జరిపి 1990లో ప్రకటించిన పరీక్షలో 12 మంది మరణించిరి. వారిలో 10 మంది ఎ విటమిను పొందనివారే.

తట్టు లేని బిడ్డలకు కూడ ముందుగనే ఈ విటమిను నిచ్చినచో మరణములు తగ్గునా? ఇండోనేషియాలోని అచే ప్రాంతమున 450 గ్రామములలో జరిపి 1986లో ప్రకటించిన పరీక్షలో చిన్న బిడ్డల మరణములు మూడవవంతు తగ్గెను. మన పొరుగున తమిళనాడులో వారము వారము కొద్ది మోతాదులో ఇచ్చి 1990లో ప్రకటించిన పరీక్షలో సగమునకు పైగ తగ్గెను. కాని అదే సంవత్సరమున హైదరాబాదు పరిసర గ్రామముల పరీక్ష ప్రకటింపబడగా, అందు మందు పొందినవారికిని పొందనివారికిని మరణములలో చెప్పదగిన భేదము కనబడలేదు. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల బిడ్డలతో జరిగి 2013లో ప్రకటింపబడిన పరీక్షలో నూటికి 4 వంతుల తగ్గుదల మాత్రమే కనబడెను.

ఈ భేదమును చూచి కలవరపడ నక్కఱలేదు. లోపము లోతుగ ఉన్నచోట విటమిను ప్రాణము పోయును. లోపము తక్కువగ ఉండి, ఆహారమును వైద్యమును అందుచున్నచోట దాని ఉపకారము స్వల్పముగ కనబడును. ఎండిన మడికి తడి యిచ్చిన పైరు లేచును; నిండిన మడికి మఱల నీరు పెట్టినచో పైరు పెరుగదు. విటమినుల విషయమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది. లోపమును తీర్చుట వైద్యము. లోపము లేనిచోట కుమ్మరించుట వృథా.

హైదరాబాదు చేసిన సేవ

ఈ చరిత్రలో తెలుగునాటికి ముఖ్యమైన స్థానము కలదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన పోషకాహార పరిశోధన శాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వచ్చెను. బిడ్డల కాలేయము ఎ విటమినును నెలల తరబడి నిలువ చేసికొన గలదు గనుక, పెద్ద మోతాదును చాల నెలల కొకసారి నోట పోసినచో చాలునని ఆ సంస్థ గ్రామములలో పరీక్షించి చూపెను. దాని ఆధారముననే 1970లో భారత ప్రభుత్వము పోషకాహార లోపమువలని అంధత్వమును నివారించు జాతీయ పథకమును ఆరంభించెను. నల్లగ్రుడ్డు కరగి చూపుపోయిన బిడ్డలు ఆనాడు ఆస్పత్రులలో తఱచు కనబడుచుండిరి, నేడు అరుదైరి. కాని లోపము పూర్తిగ పోలేదు. 2016 నుండి 2018 వరకు జరిగిన జాతీయ సర్వేలో ఒకటి నుండి నాలుగేండ్ల బిడ్డలలో నూటికి 18 మందికి ఎ విటమిను తక్కువగ ఉన్నట్లు కనుగొనబడినది.

నేడు అమలులో నున్న పద్ధతి ఇది: తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు టీకాతోపాటు మొదటి మోతాదుగ ఒక లక్ష యూనిట్లు, అనగా ఒక మిల్లీలీటరు ద్రవము. పదునాఱు నెలలు దాటిన పిదప రెండవ టీకాతోపాటు రెండు లక్షల యూనిట్లు. తరువాత ఆఱు నెలల కొకసారి రెండు లక్షల చొప్పున ఐదేండ్లు నిండువరకు. మొత్తము తొమ్మిది మోతాదులు. ఆరోగ్య కార్యకర్త సీసాతో వచ్చు కొలత చెంచాతోనే దీనిని పోయవలెను.

విటమిను టీకాకు బదులు కాదు

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఎ విటమిను తట్టు రాకుండ ఆపదు. వచ్చిన తట్టు ప్రాణాంతకము కాకుండ తోడ్పడును. వ్యాధి రాకుండ ఆపునది టీకా ఒక్కటియే. తట్టు టీకా 1963లో అమెరికాలో వాడుకలోనికి వచ్చెను. మన దేశమున 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమములో చేరెను. 2017 నుండి తట్టునకును రుబెల్లాకును కలిపి ఒకే టీకా ఇయ్యబడుచున్నది. మొదటిది 9 నుండి 12 నెలల లోపల, రెండవది 16 నుండి 24 నెలల లోపల. గ్రామములో నూటికి 95 మంది బిడ్డలు రెండు టీకాలును పొందినచో వైరస్‌కు వ్యాపించు దారి దొరకదు. టీకా వేయరాని పసికందులును అందువలన రక్షింపబడుదురు.

2025లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున తట్టు చెలరేగినపుడు, విటమినుతోనే రక్షణ లభించునని నమ్మి బిడ్డలకు ఇంటిలో ఎ విటమినును అతిగా పట్టించిన తల్లిదండ్రులు కొందఱుండిరి. ఆస్పత్రికి వచ్చిన అట్టి బిడ్డలలో కాలేయము దెబ్బతినిన సూచనలను వైద్యులు కనుగొనిరి. ఈ విటమిను ఎక్కువైనచో మూత్రముతో బయటకు పోవునది కాదు, కాలేయములో పేరుకొనును. తలనొప్పి, వాంతులు కలుగును. గర్భిణి అతిగా తీసికొనినచో కడుపులోని బిడ్డకు అంగలోపము కలుగవచ్చును. అందుచేతనే పెద్ద మోతాదును ఆరోగ్య కార్యకర్త లేక వైద్యుడు మాత్రమే ఇచ్చి, ఆ తేదీని బిడ్డ కార్డులో వ్రాయవలెను. ఇతరములగు మాత్రలు, టానిక్కులు దుకాణములో కొని పట్టింపరాదు.

టానిక్కులకు వెచ్చించు సొమ్ము

విటమినులు అన్నియు అన్ని వైరస్ వ్యాధులను పోగొట్టునను నమ్మకము పట్టణములనుండి పల్లెలకు కూడ వ్యాపించినది. 1970లో అమెరికా శాస్త్రజ్ఞుడు లైనస్ పాలింగ్ సి విటమిను జలుబును నివారించునని గ్రంథము వ్రాసెను. తరువాత జరిగిన అనేక పరీక్షలను కలిపి చూడగా, నిత్యము సి విటమిను తీసికొనువారికి జలుబు వచ్చుట తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దలలో నూటికి 8 వంతులు, పిల్లలలో 14 వంతులు త్వరగ తగ్గెను. అనగా వారము దినముల జలుబు పెద్దలలో సుమారు సగము దినము, పిల్లలలో సుమారు ఒక దినము మాత్రమే ముందుగ తగ్గునన్నమాట. కోవిడ్ కాలమున 2020, 2021 సంవత్సరములలో ప్రజలు సి విటమిను, జింకు మాత్రలను విరివిగ కొనిరి. ఇంటివద్దనే చికిత్స పొందుచున్న రోగులకు వానిని ఎక్కువ మోతాదులో ఇచ్చి పరీక్షించి 2021లో ప్రకటించిన ఫలితములలో, వ్యాధి లక్షణములు అందువలన త్వరగ తగ్గినట్లు కనబడలేదు.

దీనినిబట్టి సి విటమిను, డి విటమిను అనవసరమని కాదు. అవి తక్కువైనచో శరీరము తప్పక బలహీనపడును. కాని ఒక ఉసిరికాయ, ఒక జామపండు, కొంతసేపు ఎండలో పని ఇచ్చుదానికై సీసాలు కొననక్కఱలేదు. కూలి చేసి తెచ్చిన సొమ్ము టానిక్కులకు పోయి, ఇంటిలో గ్రుడ్డు, పాలు, ఆకుకూర తగ్గినచో ఆ కుటుంబము రెండు విధముల నష్టపోవును.

తట్టు సోకిన యింట

గ్రామములో ఏ బిడ్డకైనను తట్టు లక్షణములు కనబడినచో ఆలస్యము చేయక ఆశా కార్యకర్తకు గాని, ఎ.ఎన్.ఎమ్.కు గాని తెలిపి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చూపవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన చికిత్స ప్రకారము తట్టు సోకిన బిడ్డకు వరుసగ రెండు దినములు, దినమునకు ఒక మోతాదు చొప్పున ఎ విటమిను ఇయ్యవలెను. ఏడాది దాటినవారికి రెండు లక్షల యూనిట్లు, ఆఱు నెలలనుండి పదునొకండు నెలలవారికి లక్ష, అంతకంటె చిన్నవారికి యాభై వేలు. కంటిలో లోపము కనబడినచో రెండు నుండి ఆఱు వారముల పిమ్మట మూడవ మోతాదు. ఇది అంతయు వైద్యుని ఆధ్వర్యమున జరుగవలసినది.

వేపమండ కట్టుకొనుటకు ఎవరును అడ్డుచెప్ప నవసరము లేదు. ఆ గుఱుతు చూచి ఇతర పిల్లలు ఆ యింటికి పోకుండుట మంచిదే. కాని ఆహారము మాన్పుట కూడదు. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. కొంచెము కొంచెముగ మెత్తని అన్నము, పప్పు, గ్రుడ్డు, పండు మాటిమాటికి పెట్టవలెను; నీరు బాగుగ త్రాగింపవలెను. కంటిలో ఆకు పసరులు పోయరాదు. ఊపిరి వేగముగ ఆడినను, బిడ్డ పాలు త్రాగలేకపోయినను, మూర్ఛ వచ్చినను, కన్ను మసకబారినను ఆ క్షణముననే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

పెరటిలోని సంపద

ఎ విటమిను గ్రుడ్డు పచ్చసొనలోను, పాలు, వెన్న, నేతిలోను, కాలేయములోను ఉన్నది. తోటకూర, మునగాకు, పాలకూర వంటి ఆకుకూరలలోను, పండిన బొప్పాయి, మామిడి, గుమ్మడి, క్యారెట్లలోను ఉండు కెరోటిన్ అను పదార్థమును మన శరీరము ఎ విటమినుగ మార్చుకొనును. దీనికి కొంత నూనె గాని నేయి గాని తోడుండవలెను. నూనె చుక్క లేని ఆకుకూరలోని కెరోటిన్ చాలవరకు ఒంటికి పట్టదు. బిడ్డ పుట్టగనే వచ్చు ముఱ్ఱుపాలలో ఎ విటమిను సమృద్ధిగ కలదు. వానిని పిండి పారబోయు అలవాటు ఎచ్చటనైన నున్నచో మాన్పింపవలెను. ఎ, డి విటమినులు చేర్చిన ప్యాకెట్టు నూనెపై ఎఫ్ అక్షరమును కూడిక గుర్తును కలిసిన ముద్ర ఉండును.

లోపమునకు మొదటి సూచన రేచీకటి. పొద్దు గ్రుంకగనే బిడ్డ తడుముకొనుచు నడచుట, అన్నపు పళ్లెము కానకుండుట, సాయంత్రము ఆటకు పోక ఒక మూల కూర్చుండుట తల్లులు గమనింపవలెను. తెల్లగ్రుడ్డు మీద నురుగువంటి మచ్చ రెండవ సూచన. ఈ దశలలో చికిత్స సులభము. దాటినచో చూపు శాశ్వతముగ పోవచ్చును.

పంచాయతీ కర్తవ్యము

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీల విషయములుగ పేర్కొనబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. సభ్యులు సూది వేయనక్కఱలేదు, మందు పోయనక్కఱలేదు. లెక్క అడిగినచో చాలును. నెలనెలా జరుగు గ్రామ ఆరోగ్య పోషకాహార దినమున ఈ ప్రశ్నలు వేయవలెనని మా సూచన:

1. ఐదేండ్లలోపు బిడ్డలు ఊరిలో ఎందఱు? వారిలో రెండు తట్టు టీకాలును పొందినవారెందఱు? పొందనివారి పేర్లేవి?

2. ఎ విటమిను మోతాదులు కార్డులలో వ్రాయబడినవా? తొలి మోతాదు పొంది తరువాతివి వదలివేసినవారెవరు? తొమ్మిది నెలల టీకాతో అందిన బిడ్డ రెండేండ్లు దాటిన పిదప జాబితానుండి జారిపోవుట సాధారణము.

3. ఆరోగ్య ఉపకేంద్రములో ఎ విటమిను ద్రవము, కొలత చెంచా నిలువ యున్నవా? లేనిచో మండల వైద్యాధికారికి ఎప్పుడు తెలిపిరి?

4. అంగన్‌వాడీకి వచ్చు గ్రుడ్లు, పాలు బిడ్డలకు అందుచున్నవా? పెరటి స్థలమున్నచో మునగ, బొప్పాయి, తోటకూర వేసిరా?

5. ఇటుక బట్టీలవద్దను, పొలములలోని గుడిసెలలోను, గొఱ్ఱెల మందలవెంటను, వలస కూలీల పాకలలోను ఉన్న బిడ్డలను లెక్కలో చేర్చిరా? ఓటరుల జాబితాలో లేని కుటుంబమైనను వారి బిడ్డ ఊరి బిడ్డయే. తట్టు వైరస్ ఊరివారిని, పరాయివారిని వేఱుచేసి చూడదు.

ఐదవ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. ఊరిలో నూటికి తొంబది మంది టీకా పొందిరని విని సంతసించుట సహజము. కాని మిగిలిన పదిమంది ఒకే వాడలో, ఒకే బట్టీవద్ద ఉన్నచో తట్టు అచ్చటనే చెలరేగును. ఆ బిడ్డలే చాలవరకు ఆహారము తక్కువైనవారు, ఎ విటమిను నిలువలు లేనివారు, ఆస్పత్రికి దూరముగ నున్నవారు.

తొమ్మిది చెంచాల విటమిను, రెండు టీకాలు ప్రభుత్వమే ఉచితముగ అందించుచున్నది. తోటకూర మడి పెరటిలో పెరుగును. వీనిని బిడ్డ నోటికి, చేతికి చేర్చు బాధ్యత ఊరిది. రాబోవు సమావేశమున జమాఖర్చులు చదివిన పిదప టీకాల పట్టీని కూడ చదివించి, పేరు లేని బిడ్డ ఏ యింటనున్నాడో కనుగొని, ఆ యింటికి ఒక సభ్యుడు స్వయముగ పోవలెనని తీర్మానింపుడు. ఆ ఒక్క తీర్మానము మీ గ్రామమున ఒక బిడ్డ ప్రాణమును గాని, రెండు కన్నులను గాని నిలుపగలదు.